ఏ కైనేజ్‌ని ఆపుతున్నాం?

1930లలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో టి.ఆర్. శేషాద్రి, కె. నీలకంఠం కలిసి పత్తి పూలకు ఆ పసుపు రంగు దేనివల్ల వస్తుందో వెతికారు. అంతకుముందే ఇంగ్లాండులో పెర్కిన్ మొదలుపెట్టిన పని అది. రకరకాల పత్తి పూలలోని రంగు పదార్థాలను ఒక్కొక్కటిగా విడదీసి వరసగా పరిశోధన పత్రాలు ప్రచురించారు. గాసిపిట్రిన్, హెర్బాసిట్రిన్, క్వెర్సిమెరిట్రిన్ అనే పేర్లు వాటిలో కనిపిస్తాయి. చివరిదాని నుంచి చక్కెర భాగం ఊడదీస్తే మిగిలేది క్వెర్సెటిన్. ఉల్లిపొరల్లోనూ ఉండే పదార్థమే. ఆ రోజుల్లో అదంతా మొక్కల రంగులకు సంబంధించిన రసాయనశాస్త్రం.

1983లో అమెరికాలో గ్రాజియాని, ఎరిక్సన్‌ల బృందం ఇదే క్వెర్సెటిన్ ఒక క్యాన్సర్ ఎంజైము పనికి అడ్డుపడుతుందని చూపించింది. కోళ్లలో కంతులు పుట్టించే రౌస్ సార్కోమా వైరస్ తాలూకు సార్క్ అనే ఎంజైము అది. జాతి రీత్యా ప్రొటీన్ కైనేజ్. 1994లో ఎలై లిల్లీ కంపెనీ శాస్త్రవేత్తలు క్వెర్సెటిన్ నిర్మాణాన్నే ఆధారం చేసుకొని ఎల్‌వై294002 అనే అణువును తయారుచేశారు. పీఐ3కే అనే కైనేజ్‌ను ఆపడానికి ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఏళ్ల తరబడి వాడింది దాన్నే. గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్లలో ఏటా పూసి రాలిపోయే పువ్వులో ఉన్న పదార్థానికీ, క్యాన్సర్ పరిశోధనలో అత్యధికంగా వాడిన అణువుల్లో ఒకదానికీ ఇంత దగ్గరి చుట్టరికం ఉంది.

ఈ చుట్టరికం చెప్పి మురిసిపోవడానికి ఈ వ్యాసం రాయడం లేదు. క్వెర్సెటిన్ ఒక్క కైనేజ్‌తో ఆగదు, ఎన్నింటినో పట్టుకుంటుంది. ఎల్‌వై294002 కూడా పీఐ3కేతో పాటు ఎంటార్‌ని, డీఎన్ఏ-పీకేని, సీకే2ని ఆపుతుంది. చివరికి కైనేజులే కాని బ్రోమోడొమైన్ ప్రొటీన్లకూ అతుక్కుంటుంది. అది వేసిన కణం చచ్చిపోతే ఏ దెబ్బకు చచ్చిందో ఎలా చెప్పగలం? కైనేజ్ నిరోధకాల చరిత్రను తిరగేస్తే ప్రతి మలుపులోనూ ఈ ప్రశ్నే అడ్డం వస్తుంది. మందు దేన్ని ఆపుతోందో కచ్చితంగా తెలిసినచోట రోగులు బతికారు. తెలియకుండా వాడినచోట డబ్బూ కాలమూ పోయాయి, కొన్నిసార్లు ప్రాణాలూ పోయాయి. ప్రయోగశాలకు ఇది ఎంత నిజమో గుంటూరు పెద్దాసుపత్రి ఓపీకీ అంతే నిజం.

కైనేజ్ చేసే పని చెప్పడానికి చిన్నదే. ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేటును తీసి మరో ప్రొటీన్‌కు తగిలిస్తుంది. ఫాస్ఫేటు తగలగానే ఆ ప్రొటీన్ రూపం, నడత మారతాయి. పెరగమనో, విడిపోమనో, చావమనో కణానికి అందే ఆదేశాల్లో చాలా భాగం ఈ దారినే నడుస్తాయి. 1950ల మధ్యలో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ కండరంలో దీన్ని కనిపెట్టారు. నోబెల్ వచ్చింది 1992లో. మనిషి జన్యువుల్లో ఉన్న ప్రొటీన్ కైనేజులు 518 అని 2002లో మానింగ్ బృందం లెక్క తేల్చింది. వాటన్నిటికీ ఇంధనం ఒకటే, ఏటీపీ. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కనిపెట్టినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనుగొన్నాడు. ఇవాళ మార్కెట్లో ఉన్న కైనేజ్ మందుల్లో అధిక భాగం చేసేది ఏటీపీ కూర్చునే చోట తాము కూర్చుని దాన్ని రానివ్వకపోవడమే. క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ విషయంలో సుబ్బారావు పేరు తలుచుకునేవాళ్లు చాలామంది. ఈ మందులన్నిటి పునాదిలోనూ ఆయన ఉన్నాడని చెప్పేవాళ్లు తక్కువ.

ఇక్కడే చిక్కూ ఉంది. 518 కైనేజుల్లోనూ ఏటీపీ కూర్చునే గూడు దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ఒకదాన్ని పట్టుకునేది పది పదిహేనింటిని పట్టుకోకుండా ఉంటుందా? 1980లలో ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఉండదనే అనుకున్నారు. 1977లో జపాన్‌లో ఓమురా బృందం మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన స్టారోస్పోరిన్ వాళ్ల అనుమానాన్ని బలపరిచింది. 1986లో అది ప్రొటీన్ కైనేజ్-సీని అతి కొద్ది మోతాదులో ఆపుతుందని తేలింది. ఆ వెంటనే కనబడిన కైనేజ్‌నల్లా ఆపుతుందనీ తేలింది. మనిషికి మందుగా ఇవ్వలేని విషం. కైనేజులను మందుతో ఆపడం కుదిరే పని కాదని కొన్ని కంపెనీలు పక్కన పెట్టేశాయి కూడా.

ఆ మాటను తిప్పికొట్టింది ఇమాటినిబ్. దాని కథ చాలాసార్లు చెప్పిందే అయినా రెండు ముక్కలు ఇక్కడ చెప్పాలి. మొదటిది మనవాళ్లకు అంతగా తెలియనిది. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా, అంటే సీఎంఎల్ అనే రక్తక్యాన్సర్‌లో 9వ, 22వ క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయని 1973లో జానెట్ రౌలీ చూపింది. ఆ మార్పిడిలో చోటు మారేది ఏబీఎల్ అనే జన్యువు. ఎలుకల వైరస్‌లో ఉన్న ఏబీఎల్ జన్యువు పూర్తి క్రమాన్ని 1983లో చదివి, అది టైరోసిన్ కైనేజుల కుటుంబానికి చెందినదని చూపిన పత్రానికి మొదటి రచయిత ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి. ఉస్మానియాలో డాక్టరేటు చేసి అమెరికా వెళ్లిన శాస్త్రవేత్త. అంతకు ముందు ఏడు, 1982లో, మూత్రాశయ క్యాన్సర్‌లోని రాస్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడమే వ్యాధికి మూలమని చూపిన బృందాల్లో ఒకదానికి ముందు నిలిచినదీ ఆయనే. పన్నెండో స్థానంలోని ఆ మార్పు కుటుంబానికి చెందిన ఒక రకానికి సోటొరాసిబ్ అనే మందు 2021లో వచ్చింది. రాస్ కైనేజ్ కాదు కనుక దాన్ని ఇక్కడితో వదిలేస్తున్నాను.

రెండోది ఇమాటినిబ్‌ను చెక్కిన తీరు. స్విట్జర్లాండులో సీబా-గైగీ కంపెనీలో నిక్ లైడన్, అలెక్స్ మాటర్, యుర్గ్ జిమ్మర్‌మన్ పని మొదలుపెట్టింది ప్రొటీన్ కైనేజ్-సీ కోసం. చేతికి చిక్కిన అణువు చాలావాటిని ఆపుతోంది. దాని మీద సరైనచోట ఒక మిథైల్ గుంపు తగిలించగానే కైనేజ్-సీ మీద పట్టు పోయి ఏబీఎల్ మీద పట్టు మిగిలింది. కార్బన్ ఒకటి, హైడ్రోజన్లు మూడు. అంత చిన్న మార్పుతో దారి మొత్తం మారింది. బ్రయన్ డ్రూకర్ ఒరెగాన్‌లో రోగుల కణాల మీద పరీక్షించి, 1998లో మనుషుల మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. 2001 మే 10న అమెరికా అనుమతి వచ్చింది. పదేళ్ల తర్వాత చూస్తే, మొదటినుంచీ ఇమాటినిబ్ వాడినవాళ్లలో 83 శాతం బతికే ఉన్నారు. సీఎంఎల్ అంటే నాలుగైదేళ్ల ఆయుష్షు అనుకునే జబ్బులో ఇంత మార్పు.

ఈ ఫలితానికి కారణం ఇమాటినిబ్ గొప్పతనం ఒక్కటే కాదు. ఈ జబ్బులో తప్పు ఒక్కచోటే ఉంది. ఏబీఎల్ జన్యువు వెళ్లి బీసీఆర్ అనే మరో జన్యువుకు అతుక్కుపోతే తయారయ్యే బీసీఆర్-ఏబీఎల్ ప్రొటీన్, ఆపే బటన్ పాడైన బోరు మోటారులా రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. దాన్ని ఆపితే జబ్బు ఆగుతుంది. పైగా ప్రతి రోగిలోనూ ఆ తప్పు ఉందో లేదో చెప్పే పరీక్ష ముందే ఉంది. మిగతా క్యాన్సర్లలో ఇంత సులువు మళ్లీ దొరకలేదు. ఇమాటినిబ్ విజయం చూసి ప్రతి క్యాన్సర్‌కూ ఒక బిళ్ల వచ్చేస్తుందని రాసిన పత్రికల రాతలు ఈ తేడాను మరిచిపోయాయి.

ఇప్పుడు ప్రయోగశాల వైపు వద్దాం. మందుగా అనుమతి పొందిన చిన్న అణువుల కైనేజ్ నిరోధకాలు అమెరికాలో 80కి పైగా ఉన్నాయి. పరిశోధనకు మాత్రమే వాడేవి, సీసాల్లో మిల్లీగ్రాముల లెక్కన అమ్మేవి వేలల్లో ఉన్నాయి. ఫలానా కైనేజ్‌ని ఆపుతుందని సీసా మీద రాసి ఉంటుంది. విద్యార్థి దాన్ని కణాల మీద వేస్తాడు, కణాలు చస్తాయి, ఫలానా కైనేజే ఆ క్యాన్సర్‌కు మూలమని పత్రం రాస్తాడు. 2000లో స్కాట్లండులోని డండీలో ఫిలిప్ కోహెన్ బృందం అలాంటి 28 అణువులను తీసుకొని, వరసబెట్టి కైనేజుల మీద పరీక్షించింది. చాలావాటికి సీసా మీద రాసినదానికీ వాస్తవానికీ పొంతన కుదరలేదు.

అందులో రాట్లెరిన్ సంగతి మనం ప్రత్యేకంగా పట్టించుకోవాలి. కుంకుమ చెట్టు కాయల మీది ఎర్రపొడిలో ఉండే పదార్థం అది. పట్టుబట్టలకు అద్దకం వేయడానికి ఆ పొడిని తెలుగునాట వాడేవారు. కోరమాండల్ తీరపు మొక్కల మీద రాసిన గ్రంథంలో రాక్స్‌బర్గ్ ఆ చెట్టుకు తరంగంబాడి మిషనరీ రాట్లర్ పేరు పెట్టాడు. రాట్లెరిన్‌కు ఆ పేరు అక్కణ్ణుంచే వచ్చింది. ఇది ప్రొటీన్ కైనేజ్-సీ డెల్టాను ఆపుతుందని 1994లో ఒక పత్రం వచ్చింది. దాని ఆధారంగా వందల పత్రాలు పుట్టుకొచ్చాయి. కోహెన్ బృందం చూస్తే అది డెల్టాను ఆపడమే లేదు. మైటోకాండ్రియాల్లో శక్తి తయారీని దెబ్బతీస్తోందని తర్వాత మరొకరు చూపారు. కణానికి ఏటీపీ అందకపోతే దానిలో ఏ పని అయినా మందగిస్తుంది. ఇంత తెలిశాక కూడా రాట్లెరిన్‌ను డెల్టా నిరోధకంగా వాడిన పత్రాలు ఆగలేదు. 2007లో అలా వాడటం తగదని హెచ్చరిస్తూ సోల్టాఫ్ ప్రత్యేకంగా ఒక సమీక్ష రాయాల్సి వచ్చింది.

ఇక పసుపు. దుగ్గిరాల యార్డు పక్కన పుట్టి పెరిగినవాళ్లకు పసుపు మీద ఉండే అభిమానం నాకు తెలుసు. పసుపు క్యాన్సర్‌ను తగ్గిస్తుందన్న సందేశం ఫోన్లలో తిరగని ఇల్లు ఈ ప్రాంతంలో ఉండదు. కర్క్యుమిన్ ఫలానా కైనేజ్‌ని ఆపుతుంది, ఫలానాదాన్నీ ఆపుతుంది అని వేల పత్రాలున్న మాట నిజమే. అన్నిటినీ ఆపుతున్నట్టు కనబడటమే దానిలోని లోపం. అది పరీక్ష నాళికలో ప్రొటీన్లకు అంటుకుంటుంది, వెలుగును చిమ్ముతుంది, తనంతట తాను విడిపోతుంది, పరీక్షల లెక్కలనే తారుమారు చేస్తుంది. కడుపులోకి వెళితే రక్తంలోకి చేరేది అత్యల్పం. 2017లో నెల్సన్ తదితరులు ఈ సాక్ష్యమంతా పోగేసి చూశారు. 120కి పైగా వైద్య పరీక్షలు జరిగాయి. వాటిలో రోగికీ వైద్యుడికీ ఏది అసలు మందో తెలియకుండా, ఉత్తుత్తి బిళ్లతో పోల్చి చేసినవేవీ విజయవంతం కాలేదు. పసుపు వంటలో ఉండాల్సిందే. క్యాన్సర్ తేలిన మనిషి దాన్ని నమ్ముకొని ఆసుపత్రి మానుకుంటే పోయేది చికిత్స ఫలించే తొలి నెలలు. మిరపలోని కాప్సైసిన్ గురించీ ఇలాంటి మాటలు వింటుంటాం. కాప్సైసిన్ పట్టుకునేది టీఆర్‌పీవీ1 అనే మంట గ్రాహకాన్ని. దాన్ని వెతికిపట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. అది కైనేజ్ కాదు.

పరిశోధకులు తెలివైనవాళ్లే, ఉద్దేశాలూ మంచివే, అయినా లక్ష్యం చేజారడం ఎలా ఉంటుందో చెప్పడానికి ప్రేమ్‌కుమార్ రెడ్డి ప్రయోగశాలలోనే తయారైన రిగోసెర్టిబ్‌ను చూడాలి. 2005లో అది పీఎల్‌కే1 కైనేజ్‌ను ఆపుతుందని, అదీ ఏటీపీ గూటి జోలికి పోకుండా ఆపుతుందని ప్రకటించారు. రక్తకణాలు సరిగా తయారుకాని ఎండీఎస్ జబ్బులో పెద్దయెత్తున పరీక్షించారు. మూడో దశ పరీక్ష ఒకటి 2016లో, మరొకటి 2020లో ఆయుష్షు పెంచలేదని తేల్చాయి. ఈలోగా 2017లో జోస్ట్ తదితరులు జన్యువులను ఒక్కొక్కటిగా మార్చి చూసి, అది కైనేజ్‌ను ఆపడం వల్ల పనిచేయడం లేదని, కణంలోని మైక్రోట్యూబుల్ నాళికలను కూలగొడుతోందని వాదించారు. ఆ పని చేస్తున్నది అమ్మకానికి వచ్చిన పొడిలోని కల్తీ పదార్థమని రెడ్డి బృందం బదులిచ్చింది. శుద్ధమైన మందుతోనూ అదే కనిపించిందని జోస్ట్ బృందం మళ్లీ చెప్పింది. నాకు జోస్ట్ వైపు సాక్ష్యమే బలంగా కనబడుతుంది. ఇది ఒక్క మందుకే పరిమితమైన గొడవా కాదు. 2019లో జేసన్ షెల్ట్‌జర్ బృందం కొన్ని క్యాన్సర్ మందులు తీసుకొని, అవి ఆపుతాయని చెప్పుకునే జన్యువులను కణాల్లోంచి పూర్తిగా తీసేసింది. లక్ష్యమే లేని కణాల్నీ ఆ మందులు మునుపటిలాగే చంపాయి. వాటిలో ఓటీఎస్964 అనే అణువు అసలు ఆపుతున్నది సీడీకే11 అని అప్పుడు బయటపడింది.

లక్ష్యం తప్పడం వేరు, లక్ష్యం సరిగ్గా తగిలినా మనిషికి మేలు జరగకపోవడం వేరు. స్వరూప్ వక్కలంక స్థాపించిన రైజెన్ కంపెనీ ప్రయోగశాలలు హైదరాబాద్‌లో ఉన్నాయి. అది కనుగొన్న ఉంబ్రాలిసిబ్‌కు 2021 ఫిబ్రవరిలో అమెరికా అనుమతి వచ్చింది. పీఐ3కే డెల్టాను ఆపే మందు. దాని నడిబొడ్డున ఉన్న క్రోమెనోన్ నిర్మాణం ఎల్‌వై294002లోనూ ఉంది, పత్తి పువ్వు క్వెర్సెటిన్‌లోనూ ఉంది. తెలుగు నేలకు దగ్గరగా పుట్టిన అణువు అమెరికా ఆసుపత్రులకు చేరడం చిన్న విషయం కాదు. ఏడాది గడిచేసరికి మరో పరీక్షలో ఆ మందు వాడినవాళ్లలో మరణాలు ఎక్కువ కావచ్చన్న సూచన కనిపించింది. 2022లో అనుమతి పోయింది. పీఐ3కే డెల్టా మందులన్నిటినీ పట్టి పీడిస్తున్న సమస్యే అది. రోగనిరోధక కణాలకూ ఆ కైనేజ్ అవసరమే. క్యాన్సర్ కణంలో ఏ కైనేజ్ ఉందన్నదాంతో పని పూర్తి కాదు, ఇంకెక్కడ ఉందో కూడా చూసుకోవాలి.

ధర సంగతి ఇంతవరకు ఎత్తలేదు. గుంటూరు పేరు ఈ చరిత్రలో గట్టిగా వినబడేది అక్కడే. గుంటూరు జిల్లా గొల్లమూడిపాడులో పుట్టిన నన్నపనేని వెంకయ్య చౌదరి 1981లో హైదరాబాద్‌లో నాట్కో ఫార్మా మొదలుపెట్టాడు. 2003లో ఆ కంపెనీ వీనాట్ పేరుతో ఇమాటినిబ్ తెచ్చింది. అప్పట్లో నోవార్టిస్ వారి గ్లివెక్ నెలకు సుమారు 1,20,000 రూపాయలు. జెనరిక్ 8,000 నుంచి 10,000. ఇమాటినిబ్ మెసిలేట్ బీటా స్ఫటిక రూపం మీద నోవార్టిస్ 1998లో చెన్నైలో పేటెంటు దరఖాస్తు పెట్టుకుంది. నాట్కోతో పాటు మరికొన్ని కంపెనీలూ, క్యాన్సర్ పేషంట్స్ ఎయిడ్ అసోసియేషనూ దాన్ని ఎదిరించాయి. 2006లో దరఖాస్తు తిరస్కరణకు గురైంది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ తిరస్కరణను ఖాయం చేసింది. తెలిసిన పదార్థానికి కొత్త రూపం ఇచ్చినంత మాత్రాన, వైద్యంగా మేలు పెరిగిందని చూపకపోతే పేటెంటు రాదన్న 3(డి) సెక్షన్ అప్పుడు నిలబడింది. నోవార్టిస్ చాలామంది భారతీయ రోగులకు గ్లివెక్‌ను ఉచితంగా ఇచ్చిందన్నదీ నిజమే, అది చెప్పకపోతే అన్యాయం. కానీ ఒకరి దయ మీద నడిచే పథకానికీ మందుల షాపులో కొనగలిగే ధరకూ తేడా ఉంది. నా ఉద్దేశంలో ఆ తీర్పు సరైనదే.

సొరాఫెనిబ్ విషయంలో పోరాటం ఇంకా ముందుకు వెళ్లింది. బేయర్ కంపెనీ నెలకు 2,80,428 రూపాయలకు అమ్ముతున్న మందును 8,880కి మించని ధరకు అమ్మేలా నాట్కోకు 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్. కురియన్ తప్పనిసరి లైసెన్సు మంజూరు చేశాడు. బేయర్‌కు 6 శాతం రాయల్టీ, అప్పీలులో 7 అయింది. ఇలాంటి లైసెన్సు భారతదేశంలో అదే మొదటిది. ఈ ప్రాంతపు రైతులకు నాట్కో పేరు మందుల ద్వారా కన్నా పురుగుమందు ద్వారా ఎక్కువ తెలిసి ఉండవచ్చు. కోరాజెన్‌లో ఉండే క్లోరాంట్రానిలిప్రోల్‌ను పేటెంటు తగవుల మధ్యే 2022లో మార్కెట్లోకి తెచ్చిన కంపెనీల్లో అదీ ఒకటి.

సొరాఫెనిబ్ ధర 30 రెట్లకు పైగా తగ్గడం న్యాయం. ఆ మందు ఎంత మేలు చేస్తుందో కూడా రోగికి చెప్పాలి. ముదిరిన కాలేయ క్యాన్సర్‌లో ఉత్తుత్తి బిళ్ల తీసుకున్నవాళ్లు సగటున 7.9 నెలలు బతికితే, సొరాఫెనిబ్ తీసుకున్నవాళ్లు 10.7 నెలలు బతికారు. తేడా మూడు నెలల లోపు. ఇమాటినిబ్‌కు ఒకే గురి, సొరాఫెనిబ్‌కు బోలెడన్ని గురులు. కాలేయ క్యాన్సర్‌లో ఏ రోగికి పనిచేస్తుందో ముందే చెప్పే పరీక్ష దానికి దొరకలేదు. రెండు మందుల పోరాటాలనూ పత్రికలు ఒకే గాటన కట్టి రాశాయి. చేతులు, కాళ్లు బొబ్బలెక్కే బాధ భరిస్తూ ఆ బిళ్ల మింగే మనిషి దృష్టిలో ఆ రెండూ ఒకటి కావు.

ఇక ఊపిరితిత్తుల క్యాన్సర్. పాత ప్రకాశం జిల్లాలో ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి వేలం కేంద్రాలకు వర్జీనియా పొగాకు బేళ్లు చేరతాయి. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది. పొగ తాగడం వల్ల వచ్చే క్యాన్సర్ గురించి ఇక్కడ కొత్తగా చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ బిళ్లల గురించి. ఇవి ఈజీఎఫ్ఆర్ అనే కైనేజ్‌ను ఆపుతాయి. మొదట అందరికీ ఇచ్చారు. కొందరిలో కంతి కరిగిపోయింది, ఎక్కువమందిలో ఏమీ కాలేదు. కంతి కరిగినవాళ్లలో ఆ జన్యువు మారి ఉందని 2004లో బయటపడింది. ఆ మార్పు పొగ తాగనివాళ్లలో, ఆడవాళ్లలో ఎక్కువ. మన దేశంలో ఊపిరితిత్తుల అడినోకార్సినోమా ఉన్నవారిలో సుమారు పావు వంతు నుంచి మూడో వంతు మందిలో అది కనబడుతోంది. చుట్ట, బీడీ కాల్చిన మగవాళ్లలో తక్కువ. ఏళ్ల తరబడి పొగ తాగినవాడికి పరీక్ష చేయకుండా ఈ బిళ్ల ఇస్తే పనిచేసే అవకాశం తక్కువ.

తక్కువ అనడం కూడా చాలదు. 2009లో వచ్చిన ఐపాస్ పరీక్ష ఫలితాలు ప్రతి క్యాన్సర్ విభాగం గోడ మీదా ఉండాల్సినవి. జన్యుమార్పు ఉన్న రోగుల్లో జెఫిటినిబ్, కీమో కంటే బాగా పనిచేసింది. మార్పు లేనివాళ్లలో జెఫిటినిబ్ ఇచ్చిన జట్టులో జబ్బు ముదిరే వేగం, కీమో ఇచ్చిన జట్టుకు రెండున్నర రెట్లు దాటింది. అంటే పరీక్ష లేకుండా బిళ్ల ఇవ్వడం వల్ల డబ్బు ఒక్కటే వృథా కాదు, పనికొచ్చే కీమో అందాల్సిన నెలలు కూడా పోతాయి. జెనరిక్‌లు రాకముందు బిళ్ల దొరకకపోవడం సమస్య. చౌకయ్యాక పరీక్షకు ముందే రాసేయడం సులువైంది. పరీక్ష కోసం కంతి నుంచి ముక్క తీసి పంపి, దానిలో క్యాన్సర్ కణాలు చాలినన్ని లేవని తిరిగొస్తే మళ్లీ తీయాలి. వినుకొండ నుంచో గిద్దలూరు నుంచో వచ్చినవాళ్లకు ఆ రెండో ప్రయాణం, ఆ ఖర్చు, ఆ ఎదురుచూపు భారమే. బిళ్ల ఇస్తే పోలా అని ఇంటివాళ్లే అడుగుతారు. అడిగేవాళ్లను తప్పుపట్టలేం. ముక్క తీసిన మొదటి రోజే, క్యాన్సర్ అని తేలగానే, ఎవరూ అడగక్కర్లేకుండా ఈజీఎఫ్ఆర్ పరీక్షకూ, ఏఎల్‌కే అనే మరో కైనేజ్ జన్యువు పరీక్షకూ అదే ముక్క వెళ్లిపోయే పద్ధతి, దాని ఖర్చు ఆరోగ్యశ్రీ లాంటి పథకమే భరించే పద్ధతి ఉండాలి. గుంటూరు జీజీహెచ్‌లో నాట్కో పేరుతో క్యాన్సర్ విభాగం వచ్చింది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది, ఒంగోలులో రిమ్స్ ఉంది. భవనాల కొరత ఇదివరకంత లేదు. ముక్క మీద ఈ జన్యువులు చదివే పని ప్రతి రోగికీ జరిగేలా చూడటం వాటి మీద పెట్టే తర్వాతి రూపాయికి సరైన చోటు.

పరీక్ష చేసి ఇచ్చినా ఈజీఎఫ్ఆర్ మందులకు ఒకనాటికి క్యాన్సర్ అలవాటు పడుతుంది, చాలామందిలో ఏడాది చుట్టుపక్కలే. గూటి ద్వారం దగ్గరి ఒక అమైనో ఆమ్లం మారి టీ790ఎం వస్తుంది. దానికి విరుగుడుగా ఓసిమెర్టినిబ్ 2015లో వచ్చింది. దానికీ సీ797ఎస్ అనే మార్పు పుట్టింది. సీఎంఎల్‌లో టీ315ఐ మార్పు వస్తే ఇమాటినిబ్, నిలోటినిబ్, దాసాటినిబ్ మూడూ పనిచేయవు. దాని కోసం పొనాటినిబ్, ఇటీవల ఏటీపీ గూటిని వదిలేసి మరోచోట పట్టుకునే అసిమినిబ్ వచ్చాయి. ప్రతి మలుపులోనూ ఏ మార్పు వచ్చిందో చదివితేనే తర్వాతి మందు ఎంచగలం.

సీఎంఎల్ రోగులకు ఇదే మాట ఇంకాస్త దగ్గరగా వర్తిస్తుంది. ఇమాటినిబ్ రోజూ వేసుకోవాలి, ఒంట్లో బాగున్నట్టు ఉన్నా వేసుకోవాలి. 2010లో లండన్‌లో మారిన్ బృందం బిళ్ల డబ్బా మూతల్లో చిప్‌లు పెట్టి చూసింది. పదింట ఒకటి కన్నా ఎక్కువ బిళ్లలు మానినవాళ్లలో జన్యుస్థాయి ఫలితం బాగా పడిపోయింది. మిరప కోతలు మొదలయ్యాక పొద్దున్నే చేలోకి వెళ్లి చీకటిపడ్డాక వచ్చే మనిషికి, వేసుకుంటే వికారం పుట్టే బిళ్లను అన్నంతో పాటు రోజూ వేసుకోవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ ఎంత మిగిలిందో కొలిచే పరీక్ష మూడు నెలలకోసారి చేస్తేనే బిళ్లలు తప్పాయో, మందే విఫలమైందో తెలుస్తుంది. మామూలు రక్తపరీక్షలో తెల్లకణాలు సరిగ్గా ఉన్నంతమాత్రాన ఆ సంగతి బయటపడదు.

ఆ పరీక్ష వల్ల ఇంకో మేలు కూడా ఉంది. 2010లో ఫ్రాన్స్‌లో స్టిమ్ అనే అధ్యయనం, రెండేళ్లపాటు జబ్బు జాడే కొలతకు అందని రోగులకు ఇమాటినిబ్ ఆపి చూసింది. పదిమందిలో నలుగురికి జబ్బు తిరగబెట్టలేదు. తిరగబెట్టినవాళ్లలో ఎక్కువమందికి మొదటి ఆరు నెలల్లోనే తిరగబెట్టింది, మళ్లీ మందు మొదలుపెడితే దారికొచ్చింది. అయితే ఆపిన మొదటి ఆరు నెలలైనా నెలనెలా పరీక్ష చేయించుకోవాలి. చేయించుకోలేనివాళ్లకు వైద్యుడు ఆపమని చెప్పలేడు. బిళ్ల ఖర్చు, నీరసం, కళ్లకింద వాపు వదిలించుకొని బతకగలిగే ఆ నలుగురిలో తానూ ఉండవచ్చని తెలిసే వీలు కూడా, నెలనెలా ఆ రక్తం కొలిచే యంత్రం అందుబాటులో లేని కనిగిరి మనిషికి లేకుండా పోతోంది.